పది షీట్లు, పదిమంది

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. నాకు ఇరవై ఆరేళ్ళు. అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. బెంగళూరులో ఉండే మా అన్నయ్య పోయిన సంక్రాంతికి ఇన్‌స్టాక్స్ మినీ 9 కెమెరా తెచ్చిచ్చాడు, తీసిన ఫోటో చిన్న కార్డుగా అప్పటికప్పుడే బయటికి వచ్చే రకం. అప్పట్నుంచి అదే లోకం. ఇక్కడ ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ ఎవరి ఫోను వాళ్ళది. అందరం కలిసేలా ఒక ఫోటోగ్రఫీ క్లబ్బు పెడదామని ఉంది. ఇంట్లో 'నీకెందుకమ్మా అవన్నీ' అంటున్నారు. పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్లు నా కెమెరా చూసి ఆటబొమ్మ అని నవ్వుతారేమోనని బెరుకు. ఫిల్ము ఖరీదు. పైగా తీసినవాటిలో సగం పాలిపోయి తెల్లగా వస్తున్నాయి. రేపు ఈ ఫిల్ము తయారీ ఆపేస్తే? ఆడపిల్లలు వస్తారా? క్లబ్బుకు ఏం పేరు బాగుంటుంది?
– ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం: లెక్కలు చెప్పేవారు కాబట్టి తెల్లబడ్డ ఫోటోల లెక్కతోనే మొదలుపెడతాను. మినీ 9 షట్టర్‌కు, అంటే వెలుగును లోపలికి వదిలి మూసుకునే తలుపుకు, ఒకటే వేగం, సెకనులో అరవయ్యో వంతు. లెన్స్ చుట్టూ ఉన్న చక్రాన్ని మీరు తిప్పినప్పుడు మారేది ఎపర్చర్ (వెలుగు దూరే రంధ్రం) ఒక్కటే. ఫిల్మేమో ఐఎస్ఓ 800 (వెలుగును పట్టే చురుకుకు కొలత అది), కొద్దిపాటి వెలుగు చాలు దానికి. చక్రాన్ని గట్టి ఎండ గుర్తు దాకా తిప్పి ఎపర్చర్‌ను అన్నిటికంటే చిన్నదైన ఎఫ్32కు దించినా, మన మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ ఫిల్ముకు సెకనులో రెండువందలో వంతు సేపు వెలుగు సరిపోతుంది. మీ కెమెరా అంతకు మూడింతలసేపు తెరుచుకుని ఉంటుంది. తెల్లబడక ఏమవుతుంది? ఇంకో సంగతి కూడా చూసుకోండి. ఏ గుర్తు దగ్గర చిన్న దీపం వెలుగుతుందో అక్కడికి చక్రాన్ని మీరే తిప్పాలి, ఈ మోడల్లో అది తనంతట తాను తిరగదు. చివరనున్న 'హై-కీ' గుర్తు ఫోటోను కావాలని తెల్లగా చేసేది. పొరపాటున అక్కడ వదిలేశారేమో.

కోనసీమవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది, కొబ్బరి తోట. కంటికి అంత చల్లగా ఉండే నీడ ఈ ఫిల్ముకు అస్సలు పడదు. మట్టల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు తెల్లగా కాలిపోతాయి, వాటి మధ్య నిలబడ్డ మనిషి ముఖం నల్లబడుతుంది. ఫోను ఆ రెండింటినీ ఎలాగో సర్దుతుంది, ఇది సర్దదు. తోటలో తీయాలని ఉంటే మబ్బు పట్టిన రోజు చూసుకోండి. లేదా మనిషిని వీధి అరుగు మీదకో, పెంకుటింటి చూరు కిందకో తీసుకురండి. ఎండ పక్కన ఉండాలి గానీ మీద పడకూడదు. ఉదయం ఏడున్నర లోపు, సాయంత్రం అయిదు దాటాక అయితే కాలవగట్టు మీద ఎక్కడైనా ఫరవాలేదు, సూర్యుణ్ణి మీ వీపు వెనక పెట్టుకోండి చాలు.

ఫ్లాష్ సంగతి. మీ కెమెరాలో దాన్ని ఆపడం కుదరదు, నొక్కిన ప్రతిసారీ వెలుగుతుంది. అది పనిచేసేది అరవై సెంటీమీటర్ల నుంచి 2.7 మీటర్ల వరకు, అంటే రెండడుగుల నుంచి తొమ్మిదడుగుల దాకా. రాత్రిపూట తీర్థంలో ఆ చివర వెలిగిపోతున్న రథాన్ని ఈ చివర నుంచి తీస్తే మీకు మిగిలేది నల్లటి కార్డు. మనిషి అయిదారడుగుల దూరంలో ఉంటే బాగా వస్తుంది. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన్ని మరీ దగ్గరగా తీశారంటే మనిషి పోయి బట్టలే వస్తాయి. దగ్గరగా తీసినప్పుడు మీరు చూసే కిటికీ ఒక చోట, లెన్స్ ఇంకో చోట ఉన్నాయని గుర్తుంచుకోండి. కిటికీలో మధ్యన కనబడ్డ ముఖం కార్డు మీద పక్కకు జరిగిపోతుంది. కెమెరాను కొంచెం జరిపి లెన్స్‌ను ముఖానికి ఎదురుగా తేవాలి.

ఫోటో బయటికి వచ్చాక విసనకర్రలా ఊపకండి. పూర్వం కాగితం ఒలిచి తీసే రకం ఫిల్ము ఉండేది, దాన్ని ఆరబెట్టడానికి ఊపేవారు, ఆ అలవాటు మిగిలింది. ఇప్పటి కార్డులో ఆరాల్సిందేమీ పైన లేదు, జరిగేదంతా లోపలే. కార్డు అడుగున తెల్ల అంచు మిగతా మూడు వైపుల కంటే వెడల్పుగా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? మందు ఉన్న చిన్న పొట్లం ఉండేది అక్కడే. మీరు బటన్ నొక్కగానే కార్డు రెండు రోలర్ల మధ్య నలుగుతూ బయటికి వస్తుంది, ఆ పొట్లం పగిలి మందు పొరల మధ్య పల్చగా పరుచుకుంటుంది. ఆ రోలర్ల మీద ధూళి ఉంటే ప్రతి ఫోటోలోనూ ఒకే వరసలో మచ్చలు పడతాయి. అంతర్వేది ఇసుకలో తిరిగొచ్చాక, పాత ప్యాక్ అయిపోయి కొత్తది పెట్టేముందు కాస్త తడిపిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు పెట్టండి. ప్యాక్ మధ్యలో ఉండగా వెనక మూత తీశారో, లోపలున్న షీట్లకు వెలుగు తగిలి పాడైపోతాయి. ఆ మందు ఘాటైన క్షారం కాబట్టి కార్డును కత్తిరించడం, చిన్నపిల్లల నోటికి అందేలా వదిలేయడం పనికిరావు. జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాలని మీ ఇంట్లోవాళ్ళు తప్పకుండా అంటారు. ఆ వేడికి బొమ్మ పాడవుతుంది, వద్దని చెప్పండి. ఎండ తగలని చోట, మామూలు ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్ చాలు. అంచు మీద పేరు, తేదీ రాయడానికి పర్మనెంట్ మార్కర్ వాడండి.

మన వేడి, ఉక్క ఈ ఫిల్ముకు పెద్ద పరీక్ష. కెమెరా నలభై డిగ్రీల లోపు పనిచేయడానికి తయారుచేసింది. రోహిణి కార్తెలో బండి డిక్కీలో వదిలేసిన ప్యాక్ మీద ఆశ పెట్టుకోకండి. విప్పని ప్యాకుల్ని ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచుకోవచ్చు, గడ్డకట్టే పై అరలో మాత్రం కాదు. అయితే తీసిన వెంటనే విప్పితే మన గాలిలోని చెమ్మంతా దాని మీదే చేరుతుంది. రేపటి నడకకు ఈ రాత్రే బయట పెట్టి, రేకు కవరు పొద్దున్న చింపండి.

ఫిల్ము ఆగిపోతుందేమోనన్న మీ భయం ఉత్తదేమీ కాదు, ఒకసారి ఆగింది కూడా. 1943లో ఎడ్విన్ లాండ్ అనే అమెరికా శాస్త్రవేత్తను ఆయన చిన్న కూతురు, తీసిన ఫోటో ఇప్పుడే ఎందుకు చూడకూడదని అడిగిందట. ఆయన 1947లో జవాబు చూపించాడు, 1948లో బోస్టన్‌లో ఆయన కంపెనీ పోలరాయిడ్ కెమెరా అమ్మకానికి వచ్చింది. అరవై ఏళ్ళ తర్వాత 2008లో ఆ కంపెనీ ఇన్‌స్టంట్ ఫిల్ము చేయడం మానేస్తున్నామంది. నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కడే పట్టణంలో ఉన్న ఆఖరి ఫ్యాక్టరీని మూతపడనీయకుండా కొందరు పట్టుబట్టి తీసుకుని, ఫార్ములాను దాదాపు మళ్ళీ కనిపెట్టినంత పని చేశారు. ఇవాళ పోలరాయిడ్ పేరుతో దొరుకుతున్న ఫిల్ము వాళ్ళదే. మీది దానికి వేరే దారి. ఫ్యూజీ కంపెనీ 1998లో తెచ్చిన ఇన్‌స్టాక్స్ ఇప్పటికీ బాగా అమ్ముడుపోతోంది. కాబట్టి రేపటికి భయం లేదు, ఎల్లుండి మాట ఎవరూ చెప్పలేరు. అందుకే క్లబ్బు మొత్తాన్నీ ఒక్క ఫిల్ము మీద నిలబెట్టవద్దంటాను. ఇన్‌స్టంట్ కెమెరా ఉంటేనే చేర్చుకుంటామని నిబంధన పెట్టారంటే మీరూ, బెంగళూరు నుంచి సెలవులకొచ్చే మీ అన్నయ్యా మిగులుతారు. ఫోను ఉన్నవాళ్ళు రావాలి, పెద్ద కెమెరా ఉన్నవాళ్ళు రావాలి, ఏమీ లేక చూడటానికొచ్చేవాళ్ళూ రావాలి.

మరి మీ మినీ 9కి అక్కడ పనేమిటి? ఉంది. ప్యాక్‌లో పది షీట్లు. క్లబ్బులో పదిమంది. కూడిన ప్రతిసారీ ఒక ప్యాక్, మనిషికి ఒక్క షీట్. ఒక్కటే. కెమెరా చేతులు మారుతూ వెళుతుంది. మిగతా సమయమంతా ఎవరి ఫోనుతో వాళ్ళు వందలు తీసుకోనివ్వండి, వద్దనకండి. తన వంతు షీట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రతివాడూ నెమ్మదిస్తాడు. ఎటు నిలబడాలి, ఎవరిని తీయాలి, అడగొచ్చా, ఎండ ఎటుంది అని పక్కవాణ్ణి సలహా అడుగుతాడు. ఫోనుతో తీసేటప్పుడు ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. మీరు రాసిన 'ఎవరి ఫోను వాళ్ళది' అన్న బాధకు నాకు తెలిసిన మందు ఇదొక్కటే.

నడక అయ్యాక ఎక్కడో ఒక బల్ల దగ్గర కూర్చుని పది కార్డులూ పరవండి. తీసినవాళ్ళు నోరు మెదపకూడదు, మిగతా తొమ్మిదిమందీ ముందు మాట్లాడాలి. 'బాగుంది' అన్న మాటను నిషేధించండి. ఏం కనబడుతోంది, ముందు కన్ను ఎక్కడికి వెళ్ళింది, ఏది అడ్డొచ్చింది, అంతే చెప్పాలి. మొదటి రెండుసార్లు అందరూ మొహమాటపడి నవ్వుతారు. మూడోసారికి వాదించుకుంటారు. వాదన మొదలయ్యిందంటే క్లబ్బు నిలబడినట్టే.

ఆ పది కార్డులూ ఎవరివి? ఫోటోలో ఉన్నవాళ్ళవి. ఇది నా పట్టుదల అనుకోండి. మన లంకల్లోకి, రేవుల్లోకి ఏటా ఎంతమందో కెమెరాలతో వస్తారు, గోచీ బిగించిన ముసలాయన్నో, బుట్ట మోస్తున్న ఆవిడనో తీసుకుని వెళ్ళిపోతారు. 'పంపిస్తామండి' అంటారు. ఆ పంపించేదేదీ గోదావరి దాటి ఇటు రాదు. మీ చేతిలో ఉన్న కెమెరా ఆ అప్పు అక్కడికక్కడే తీర్చగలదు, నిమిషంన్నరలో బొమ్మ తేలుతుంది. నెగెటివ్ లేదు, ఇంకో ప్రతి రాదు కనుక ఇచ్చేముందు కార్డును నీడలో బల్లపరుపుగా పెట్టి ఫోనుతో ఒక కాపీ తీసుకోండి. క్లబ్బుకు ఒక నోటు పుస్తకం ఉంచండి. ఫోటో పుచ్చుకున్నవాళ్ళు అందులో తమ పేరో, ఊరో, తోచిన ఒక్క వాక్యమో రాస్తారు, రాయడం రానివాళ్ళు చెబితే మీరు రాస్తారు. అంటే బల్ల దగ్గర కూడేది ఆ ఊళ్ళోనే అయితే మేలు. చర్చ అయ్యాక వెనక్కి నడిచి వెళ్ళి ఇచ్చి రావచ్చు. దూరమైతే అప్పుడే ఇచ్చేసి, కాపీల మీద మాట్లాడుకోండి.

డబ్బు పెద్ద అడ్డంకి కాదు. మినీ ఫిల్ము ధర మారుతూ ఉంటుంది గానీ, షీటుకు యాభై అరవై రూపాయల దగ్గర పడుతోంది. నెలకొకసారి కలిస్తే మనిషికి వంద. పది వందల్లో ప్యాక్ పోగా టీలకు, బ్యాటరీలకు, ఏడాది చివర ఒక ఆల్బమ్‌కు మిగులుతుంది. పోలరాయిడ్ బొమ్మ పెద్దది, అందమైనది కూడా, కానీ ప్యాక్‌లో ఎనిమిదే షీట్లు, ఒక్కోటి దీనికి కొన్ని రెట్లు ఖరీదు. పైగా ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటితే దాని రంగులు పసుపెక్కుతాయి. మన దగ్గర ధనుర్మాసం పొద్దుటి పూట తప్ప అంత చల్లదనం ఎక్కడిది? ఎవరైనా బహుమతిగా ఇస్తే కాదనకండి, కొనకండి.

ఇప్పుడు పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్లు. వాళ్ళు నవ్వుతారని మీరు ఎందుకనుకున్నారో అర్థమైంది గానీ, నా ఉద్దేశంలో మీకు మొదట కావలసినవాళ్ళు వాళ్ళే. మీ ఊళ్ళోనో రాజోలులోనో ముప్ఫై నలభై ఏళ్ళుగా స్టూడియో నడుపుతున్న పెద్దాయన తప్పకుండా ఉంటారు. ఎర్ర బల్బు వెలుగులో ప్రింట్లు కడిగిన మనిషి, నెగెటివ్ మీద పెన్సిలుతో మొటిమలు చెరిపిన మనిషి. రీలులో ముప్ఫై ఆరే ఉండేవని, పెళ్ళికొడుకు కళ్ళు మూస్తే ఒక ఫ్రేము పోయేదని ఆయనకు తెలిసినంతగా మనకు తెలియదు. మీ పది షీట్ల ఆట ఆయనకు వివరించనక్కర్లేదు. వెళ్ళి 'మాస్టారూ, వెలుగు గురించి ఒక గంట చెప్పరా' అని అడగండి. ఏటా ఆగస్టు 19న ఫోటోగ్రాఫర్ల సంఘాలవాళ్ళు, ఫోటో తీసే తొలి పద్ధతుల్లో ఒకదాన్ని కనిపెట్టిన ఫ్రెంచివాడు డాగురె పటానికి దండ వేస్తారు చూడండి, 1839లో అదే రోజున ఆయన పద్ధతిని ఫ్రెంచి ప్రభుత్వం లోకానికంతటికీ వెల్లడించింది. ఆ దండ వేసేవాళ్ళలో మీ స్టూడియో మాస్టారు కూడా ఉండే ఉంటారు. ఆ రోజు సంఘం వాళ్ళు మీ ఆల్బమ్‌కు ఒక బల్ల ఇస్తే మీ మొదటి ప్రదర్శన అయిపోయినట్టే.

మాస్టారిని ఎప్పుడు కలవాలన్నది ముఖ్యం. ముహూర్తాల రోజుల్లో వాళ్ళకు అన్నం తినే తీరిక ఉండదు. ఆషాఢం వచ్చిందంటే స్టూడియోలు ఖాళీ. మీ అదృష్టం కొద్దీ ఆ నెలలోనే ఆకాశం మబ్బు పట్టి, మీ కెమెరాకు నచ్చే మెత్తని వెలుగు పరుచుకుంటుంది. అందుకే క్లబ్బు ఆషాఢంలో మొదలుపెట్టమంటాను. మంచి పని శూన్యమాసంలో ఏమిటని ఇంట్లో పెద్దవాళ్ళు గొణిగితే, శ్రావణంలో మళ్ళీ ఒకసారి కొబ్బరికాయ కొట్టండి. కొబ్బరికాయలకు కరువా మనకి.

ఆడపిల్లలు వస్తారా అంటే, మొదటి అయిదుగురిలో మీతోపాటు ఇంకో ఇద్దరున్నా వస్తారు, లేకపోతే రారు. ఒక్కరే ఉండి పిలిస్తే ఇంట్లోవాళ్ళు పంపరు. కాబట్టి సభ్యుల కోసం వెతికేముందు మీ కాలేజీలో ఇద్దరు తోటి టీచర్లను పట్టుకోండి. కలవడం ఆదివారం ఉదయం, నలుగురూ తిరిగే చోట. శాఖా గ్రంథాలయం, బడి వరండా, పంటు రేవు దగ్గర టీ కొట్టు, ఏదైనా సరే, గది తలుపు మూసి జరిగేది మాత్రం వద్దు. తల్లో తండ్రో తోడొస్తే వాళ్ళకూ ఒక షీట్ ఇవ్వండి. 'నీకెందుకమ్మా' అన్నవాళ్ళను కూడా ఒకసారి తీసుకెళ్ళండి.

నియమాలు ఎక్కువ పెట్టకండి గానీ కొన్ని మొదటి రోజే గట్టిగా చెప్పండి. అడగకుండా మనిషిని తీయరాదు. స్నానాల రేవు వైపు కెమెరా తిప్పరాదు, ఎంత మంచి వెలుగున్నా సరే. పిల్లల్ని తీయాలంటే ఇంటి పెద్దల్ని అడగాలి. కాపీని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాలన్నా మళ్ళీ అడగాలి, ఫోటోకు ఒప్పుకున్నంతలో దానికీ ఒప్పుకున్నట్టు కాదు. గుడి లోపల, ఓఎన్‌జీసీ ప్లాంట్ల దగ్గర బోర్డు చదివి బుద్ధిగా వెనక్కి రావాలి.

పోటీలు మాత్రం మొదటి ఏడాది వద్దు. పోటీ అంటే న్యాయనిర్ణేత, న్యాయనిర్ణేత అంటే శాలువా, శాలువా అంటే వేదిక, వేదిక అంటే మైకు. మన దగ్గర క్లబ్బు పుట్టకముందే ఫ్లెక్సీ పుడుతుంది, దాని మీద గౌరవాధ్యక్షుడి ఫోటో సభ్యుల ఫోటోలన్నిటికంటే పెద్దగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ తొందర కూడా లేదు. రేపెప్పుడైనా హాలు కోసమో, బ్యాంకు ఖాతా కోసమో కావలసి వస్తే 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు చేరి చేయించుకోవచ్చు.

ఎక్కడికి వెళ్ళాలని మీరు అడగలేదు, అయినా చెబుతాను. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వెళ్ళి రండి. నీళ్ళ మీద ఉన్నంతసేపు జనం ఎటూ కదలరు, మాట్లాడటానికి తీరిక ఉంటుంది, పంటు ఒడ్డు చేరేలోగా బొమ్మ తేలుతుంది. అంబాజీపేటలో కాయ ఒలిచేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, పని ఆపమని మాత్రం అడక్కండి, వాళ్ళది కాయ లెక్కన కూలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అందరూ వెళతారు, ప్రభలంటే వెదుళ్ళతో కట్టి భుజాల మీద మోసుకొచ్చేవి. పదకొండు రుద్రుల ప్రభలూ, గంగలకుర్రు ప్రభ కౌశిక కాలవలో దిగి దాటడం వేల ఫోన్లలోకి ఎలాగూ ఎక్కుతుంది, మీ అరచేతిలో ఇమిడే కార్డులో ఆ ప్రభ అగ్గిపుల్లంత వస్తుంది. మీరు నాలుగు రోజులు ముందుగా వెళ్ళండి. వెదుళ్ళు కట్టి రంగు బట్టలు చుట్టేవాళ్ళు ఊళ్ళో అరుగుల మీదే దొరుకుతారు. మొయ్యబోయే కుర్రాళ్ళు ఒక్కొక్కళ్ళుగా నిలబడితే ఆ చిన్న కార్డు సరిగ్గా సరిపోతుంది.

ఒక హెచ్చరిక. గోదావరి జిల్లాల్లో 'ఆయ్, తప్పకుండా వస్తానండి' అన్నవాళ్ళందరూ వస్తారని పది కుర్చీలు వెయ్యకండి. మొదటిసారి నలుగురొస్తే మనిషికి రెండేసి షీట్లు తీసి, మిగిలిన రెండూ కెమెరాలోనే ఉంచి పై నెలకు దాచండి. ఆ నలుగురూ మళ్ళీ వస్తే చాలు.

పేరంటారా, ఆర్నెల్లు ఆగండి. ఈలోగా మిమ్మల్ని జనం ఏదో ఒకటి అంటూనే ఉంటారు, అందులోంచి ఏరుకోవచ్చు. ముందు ఆషాఢం దాటకుండా స్టూడియో మాస్టారి దగ్గరికి వెళ్ళి రండి. వెళ్ళేటప్పుడు తెల్లబడిపోయిన ఫోటోలు కూడా పట్టుకెళ్ళండి, బాగా వచ్చినవాటికంటే వాటి గురించే ఆయన ఎక్కువసేపు మాట్లాడతారు. శ్రావణం వస్తే మాత్రం ఆయన మీకు దొరకరు.